ఎన్‌ఏ రోడ్‌స్టర్ 1.6: టర్బో సరే, ముందు క్రాంక్ ముక్కు చూశారా?

1. తెరటాపు

కారు 1991 యూనోస్ రోడ్‌స్టర్, అంటే మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం ('ఎన్‌ఏ'). 1.6 బీ6 ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్, మీటరు మీద 1,40,000 కి.మీ. పాత సర్వీసు కాగితాలు ఏవీ లేవు. ప్రస్తుతం ఉన్న బాధలు ఇవి:

- ఇంజిన్ వెనక, బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు తొడుగు) కింద ఆయిల్ చుక్కలు
- ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) 700కీ 1,200 ఆర్‌పీఎంకీ మధ్య ఊగుతోంది
- చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయిస్తోంది, రివర్స్ ఒక్కోసారి గరగరమంటోంది
- పైన టికటిక చప్పుడు, వేడెక్కాక తగ్గుతుంది
- టైమింగ్ బెల్టు (వాల్వుల్ని తెరిచే క్యామ్ ఇరుసుల్ని క్రాంక్‌తో కలిపి తిప్పేది) ఎప్పుడు మార్చారో తెలియదు

లక్ష్యం 0.5 బార్ బూస్ట్‌తో (ఇంజిన్‌లోకి తోసే అదనపు గాలి ఒత్తిడి) చిన్న టర్బో. జాకీ, నాలుగు స్టాండ్లు, టార్క్ రెంచి, సాకెట్ సెట్ ఉన్నాయి. లిఫ్టు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

2. గ్రీజుచేతులు

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కంప్రెషన్ చూడకుండా బూస్ట్ అంకె చెబుతున్నారు :)

ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో చూడాలి. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయండి. కాయిల్ కనెక్టర్ పీకండి. డ్యాష్ కింద సర్క్యూట్ ఓపెనింగ్ రిలే తీస్తే పెట్రోలు పంపు ఆగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గేజి ముల్లు ఎక్కడం ఆగేదాకా స్టార్టర్ తిప్పండి.

1.6కి కంపెనీ లెక్క 192 పీఎస్‌ఐ. కనీసం 135. సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. ఏదైనా ఒకటి తక్కువ చూపిస్తే ఆ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయని అర్థం. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో అనుమానించాలి.

3. క్రాంక్‌కీ

కంప్రెషన్ కంటే ముందు ఇంకొకటి ఉంది. అది చూడకుండా 1991 బండి మీద ఎవరూ ఏ ఖర్చూ పెట్టకూడదని నా అభిప్రాయం.

1989 నుంచి 1991 మధ్య వరకు వచ్చిన 1.6 ఇంజిన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు భాగం పొట్టిగా ఉంటుంది. 'షార్ట్ నోస్' అనేది దీన్నే. టైమింగ్ పుల్లీని క్రాంక్ మీద కదలకుండా పట్టే కీ, ఆ కీ కూర్చునే గాడి రెండూ చిన్నవి. నిజానికి బిగువంతా మధ్య బోల్టుది, కీ పని వరస చూపించడం మాత్రమే. ఎవరో బెల్టు మార్చినప్పుడు ఆ బోల్టు సరిగ్గా బిగించకపోయినా, పాత బోల్టునే మళ్లీ వాడినా, పుల్లీ సూక్ష్మంగా అటూ ఇటూ ఆడుతుంది. అలా ఆడి ఆడి కీ గాడిని తినేస్తుంది. చివరికి క్రాంకే పాడవుతుంది.

గుర్తుపట్టడం సులువే. రేడియేటర్ వైపు నుంచి టార్చి వేసి క్రాంక్ పుల్లీ మధ్యలో, బోల్టు చుట్టూ ఉన్న గాడులు లెక్కపెట్టండి. 4 ఉంటే పొట్టి ముక్కు, 8 ఉంటే పొడుగు ముక్కు. బండి సంవత్సరాన్ని నమ్మొద్దు, ఎవరైనా ఇంజిన్ మార్చి ఉండొచ్చు.

4 ఉన్నంత మాత్రాన గాభరా అక్కర్లేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పుల్లీని ముందు నుంచి గమనించండి (చొక్కా చేతులు, జుట్టు జాగ్రత్త). అంచు అటూ ఇటూ ఊగుతోందంటే కథ మొదలైనట్టే. ఊగకపోతే బోల్టు జోలికి పోకండి, బెల్టు మార్చే రోజు వరకు.

4. కొత్తపానా

» చివరికి క్రాంకే పాడవుతుంది

అలా అవుతుంటే టైమింగ్ లైట్‌లో (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసి పుల్లీ మీది గుర్తు చూపించే లైటు) తెలిసిపోదా? గుర్తు పక్కకి జరగాలి కదా?

5. క్రాంక్‌కీ

మంచి ప్రశ్న. తెలియదు, అందుకే చాలామంది మోసపోతారు. టైమింగ్ గుర్తు ఉన్న బయటి పుల్లీ, లోపలి టైమింగ్ పుల్లీ, రెండూ ఆ ఒక్క కీ మీదే ఆధారపడి ఉన్నాయి. జారితే రెండూ కలిసే జారతాయి. క్యామ్‌లూ, క్యామ్ చివర ఉన్న సెన్సరూ బెల్టుతో పాటు అటే పోతాయి. లైట్ వేస్తే అంతా సవ్యంగా కనిపిస్తుంది, బండి మాత్రం లాగదు. సెన్సర్ తిప్పి మిగతా లోటు పూడ్చాలని చూస్తే ఇంకా గందరగోళం.

అనుమానం ఉంటే ఒకటో ప్లగ్ రంధ్రంలోంచి డయల్ గేజి పెట్టి పిస్టన్ నిజంగా పైకి వచ్చిన చోటు పట్టుకోండి. ఆ క్షణంలో పుల్లీ గుర్తు సున్నా దగ్గర ఉండాలి. లేదంటే కీ కదిలింది.

6. గ్రీజుచేతులు

ఆయిల్ చుక్కల సంగతి. బెల్‌హౌసింగ్ కింద చుక్క కనబడగానే వెనక మెయిన్ సీల్ పోయిందని గేర్‌బాక్స్ దించేస్తారు. ఈ ఇంజిన్‌లో పదిసార్లలో తొమ్మిదిసార్లు అది కాదు. హెడ్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) ముందు క్యామ్ యాంగిల్ సెన్సర్ (క్యామ్ ఏ స్థితిలో ఉందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) ఉంటుంది. దాని ఓ-రింగ్ ఎండి గట్టిపడిపోతే ఆయిల్ హెడ్ వెనక నుంచి జారి బెల్‌హౌసింగ్ మీద పడి కింద చుక్కలవుతుంది. చేతి అద్దం పట్టి చూస్తే పై నుంచి వచ్చిన తడి దారి కనిపిస్తుంది.

మార్చే పద్ధతి: సెన్సర్‌కీ హెడ్‌కీ కలిపి ఒక గీత గీయండి. 12 నంబరు బోల్టు ఒకటే. బోల్టు తీసి సెన్సర్‌ని కొంచెం తిప్పుతూ వెనక్కి లాగండి. పాత రింగు ప్లాస్టిక్ ముక్కలా విరిగి వస్తుంది. గాడి శుభ్రం చేసి, కొత్త రింగుకి ఆయిల్ రాసి ఎక్కించండి. తిరిగి పెట్టేటప్పుడు చివర ఉన్న నాలుక క్యామ్ గాడిలో దానంతట అది కూర్చోవాలి, బలవంతంగా నొక్కొద్దు. గీత గీతకి కలిపి బిగించి, తర్వాత టైమింగ్ సరిచూసుకోండి.

అదే చేత్తో వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా. సిలికాన్ సీలెంట్‌ని గ్యాస్కెట్ మొత్తం పొడుగునా పూయొద్దు. ముందు క్యామ్ క్యాప్‌లు, వెనక సెన్సర్ వైపు క్యాప్ హెడ్‌ని కలిసే మూలల్లో చిన్న చుక్క చాలు. బోల్టులు 5 నుంచి 9 న్యూటన్ మీటర్లు మాత్రమే. మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో. పెద్ద టార్క్ రెంచి ఇక్కడ పనికిరాదు, అల్యూమినియం మరలు ఊడొస్తాయి.

టికటిక గురించి దిగులొద్దు. ఎన్‌ఏ ఇంజిన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల ఖాళీ సర్దే భాగాలు) ఉంటాయి. పాత ఆయిల్, తక్కువ ఆయిల్, ఎక్కువ రోజులు నిలిపి ఉంచడం, ఏదైనా చాలు అవి చప్పుడు చేయడానికి. ఆయిల్, ఫిల్టర్ మార్చి కొన్నాళ్లు నడిపితే చాలావరకు సద్దుమణుగుతుంది. ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. కుడి ముందు చక్రం తీసి, చక్రం గూటిలోంచి చెయ్యి పెడితే ఆట్టే తిట్టుకోకుండా వస్తుంది.

7. వంపుదారి

రివర్స్ గరగర మీ గేర్‌బాక్స్ తప్పు కాకపోవచ్చు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. బానెట్ కింద క్లచ్ ద్రవం డబ్బా చూడండి. మట్టం తగ్గినా, నల్లగా ఉన్నా స్లేవ్ సిలిండర్ (ద్రవ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) కారుతోందనుకోవచ్చు. గేర్‌బాక్స్ కుడి పక్కన ఉంటుంది. రబ్బరు తొడుగు అంచు వేలితో తీస్తే లోపల తడి కనిపిస్తుంది. తడి ఉంటే మార్చడమే, రిపేరు కిట్ వేసి లాభం లేదు. లోపలి గోడ తుప్పుతో గుంటలు పడి ఉంటుంది, కొత్త రబ్బరుని కూడా చీల్చేస్తుంది.

రెండు 12 నంబరు బోల్టులు, 16–22 న్యూటన్ మీటర్లు. గొట్టం నట్టుకి ఫ్లేర్ పానానే వాడండి, మామూలు పానా మూలలు తినేస్తుంది. కొత్త స్లేవ్ గట్టి ఒత్తిడి పట్టాక చాలాసార్లు పైనున్న మాస్టర్ సిలిండర్ కూడా వదిలేస్తుంది. రెండూ ఒకేసారి మార్చి, ఒకేసారి బ్లీడ్ చేయడం (గొట్టంలోని గాలి తీయడం) మంచిది. ద్రవం డాట్ 4.

8. కొత్తపానా

చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కూడా దీని వల్లేనా?

9. వంపుదారి

కాదు. ఈ గేర్‌బాక్స్ స్వభావమే అంత. ఆయిల్ మారిస్తే సగం తగ్గుతుంది. 2 లీటర్లు, 75డబ్ల్యూ-90. ముందు నింపే ప్లగ్ విప్పండి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్. ఈ వరస తప్పి, పైది రాకపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి అక్కడే కూర్చుంటుంది.

గేర్ లివర్ కింద ఉన్న గిన్నెలో వేరే ఆయిల్ ఉంటుంది, గేర్‌బాక్స్ ఆయిల్‌తో కలవదు. అందులో 80 నుంచి 95 మి.లీ. అదే ఆయిల్ పోయాలి. చాలా బండ్లలో అది ఎండిపోయి ఉంటుంది. లివర్ కింది రబ్బరు తొడుగు చిరిగితే ఇంజిన్ వేడి, చప్పుడు క్యాబిన్‌లోకి వస్తాయి. లివర్ చివర ఉండే నైలాన్ గిన్నె కూడా అప్పుడే మార్చండి. లివర్ వదులు పోయి, గేర్లు ఎక్కడున్నాయో చేతికి తెలుస్తుంది.

10. లీన్‌మిక్చర్

గేర్‌బాక్స్‌లో జీఎల్-4 (గేర్ ఆయిల్ ప్రమాణం) మాత్రమే పోయండి. జీఎల్-5లోని గంధకం ఇత్తడి సింక్రో రింగుల్ని (గేరు పడేటప్పుడు వేగాలు కలిపేవి) తింటుంది.

11. వంపుదారి

యజమాని పుస్తకంలో మాజ్దా వాళ్లు జీఎల్-4, జీఎల్-5 రెండూ సరేనన్నారు. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లలో చాలావరకు ఇత్తడిని తినవు. కానీ గేరు పడే తీరులో తేడా ఉంటుంది. జీఎల్-5 మరీ జారుడుగా ఉండి సింక్రోకి పట్టు తగ్గుతుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. ఆ కారణంతో నేనూ జీఎల్-4కే ఓటేస్తాను, భయంతో కాదు.

డిఫరెన్షియల్‌లో (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె, 'డిఫ్') మాత్రం జీఎల్-5 తప్పనిసరి. 1.6 వాటిల్లోని చిన్న డిఫ్‌కి 0.65 లీటరు, 1.8 డిఫ్‌కి 1 లీటరు.

12. గ్రీజుచేతులు

ఐడిల్ ఊగడం: వరసగా చూసుకోండి. మొదట గాలి లీకులు. ఎయిర్‌ఫ్లో మీటర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టం మడతల లోపల పగులుతుంది, పైకి కనిపించదు. దాన్ని విప్పి వంచి చూడాలి. 1.6లో తలుపు రకం ఎయిర్‌ఫ్లో మీటర్ కాబట్టి ఆ తర్వాత ఎక్కడ గాలి దూరినా లెక్కకి అందదు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ సరిగ్గా మూయకపోయినా అంతే.

రెండోది థ్రాటిల్ సెన్సర్. 1.6 మాన్యువల్‌లో అది ఉత్త స్విచ్చే. థ్రాటిల్ స్క్రూకీ లివర్‌కీ మధ్య 0.4 మి.మీ. ఫీలర్ గేజి పెడితే ఐడిల్ కనెక్షన్ కలవాలి. 0.7 మి.మీ. పెడితే తెగిపోవాలి. లేకుంటే రెండు స్క్రూలు వదులు చేసి సెన్సర్ తిప్పి సరిచేయండి. ఐడిల్ స్విచ్ కలవకపోతే బండి ఐడిల్‌లో ఉందని ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్) తెలీదు, మీరు గాలి స్క్రూతో ఎంత కుస్తీ పట్టినా దండగ.

ఆ తర్వాతే టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం. ఇంజిన్ వేడిగా, లైట్లు, ఏసీ ఆపేసి. డయాగ్నోసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ రంధ్రాలు చిన్న వైరుతో కలపండి. ఐడిల్ 850 ఉండాలి, గాలి స్క్రూతో సరిచేయండి. టైమింగ్ 10 డిగ్రీలు. వైరు తీసేయడం మర్చిపోవద్దు.

13. లీన్‌మిక్చర్

మంచి ఆక్టేన్ పెట్రోలు దొరికితే 14 డిగ్రీలు పెట్టుకోవచ్చు, కింది రేంజిలో చురుకుదనం తెలుస్తుంది. టర్బో పెట్టబోతుంటే 10 దగ్గరే వదిలేయండి.

ఒక హెచ్చరిక. ఈ ఇంజిన్‌లో ఒక కాయిల్ రెండు సిలిండర్లకి ఒకేసారి స్పార్క్ ఇస్తుంది, అంటే ప్రతి చుట్టుకీ మెరుపు. డిగ్రీలు తిప్పి కొలిచే డిజిటల్ టైమింగ్ లైట్లు దీనికి తికమకపడి తప్పు అంకె చూపిస్తాయి. తిప్పుడు లేని సాదా లైటే నమ్మకం.

14. క్రాంక్‌కీ

ఇక బెల్టు. చరిత్ర తెలియదన్నారు కాబట్టి మార్చడమే. మాజ్దా గడువు 60,000 మైళ్లు, అంటే దాదాపు 96,000 కి.మీ. ఒక ఊరట ఉంది. ఎన్‌ఏ 1.6, 1.8 రెండింటిలోనూ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్‌కి తగలవు. బండి ఆగిపోతుంది, ఇంజిన్ పోదు.

బెల్టుతో పాటు: టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, టెన్షనర్ స్ప్రింగ్, వాటర్ పంపు, రెండు క్యామ్ సీళ్లు, ముందు క్రాంక్ సీల్, క్రాంక్ బోల్టు. పొట్టి ముక్కు అయితే కొత్త కీ, కొత్త టైమింగ్ పుల్లీ కూడా.

పని క్రమంలో ఎక్కడ తప్పుతారో అదే చెబుతాను, మిగతాది సర్వీసు పుస్తకంలో ఉంది.

క్రాంక్ బోల్టు విప్పడానికి సాకెట్‌ని ఛాసిస్‌కి ఆనించి స్టార్టర్ తిప్పే అలవాటు కొందరికి ఉంది. పొట్టి ముక్కు మీద ఆ పని అస్సలు వద్దు. పుల్లీ బాస్‌ని (పుల్లీ బిగించే మధ్య ముక్క) పట్టే పనిముట్టు కొనండి, లేదా ఇనుప పట్టీకి రంధ్రాలు చేసి బాస్‌కి బోల్టు చేయండి. బిగించేటప్పుడు కూడా అదే కావాలి.

పాత సీల్ తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ షాఫ్ట్‌కి తగిలి గీత పడితే కొత్త సీలూ కారుతుంది. కొత్తది హౌసింగ్ అంచుకి సమంగా ఉండాలి, లోతుకి కొట్టొద్దు.

ఇంజిన్‌ని ఎప్పుడూ ముందు నుంచి చూస్తే సవ్యదిశలోనే తిప్పాలి. ఇన్‌టేక్ క్యామ్ పుల్లీ మీద 'ఐ', ఎగ్జాస్ట్ పుల్లీ మీద 'ఈ' గుర్తులు వెనక పలక మీది గీతలకి ఎదురుగా రావాలి. రెండు గుర్తుల మధ్య బెల్టు మీద 19 పళ్లు. పై నుంచి వంగి చూస్తే ఒక పన్ను తేడా ఉన్నా కలిసినట్టే కనిపిస్తుంది, కాబట్టి కళ్లు పుల్లీ ఎత్తుకి దించి చూడండి.

బిగువు: టెన్షనర్ బోల్టు బిగించి, క్రాంక్‌ని 1 5/6 చుట్లు తిప్పి టెన్షన్ గుర్తుకి తేవాలి. అక్కడ బోల్టు వదులు చేస్తే స్ప్రింగే లాగుతుంది. మీరు టెన్షనర్ మీద చెయ్యి వేయకూడదు. 38–51 న్యూటన్ మీటర్లకి బిగించి, ఇంకోసారి తిప్పి గుర్తులు చూడండి. రెండు క్యామ్ పుల్లీల మధ్య 10 కిలోల బలంతో నొక్కితే బెల్టు 9 నుంచి 11.5 మి.మీ. దిగాలి. మరీ బిగువైతే వేడెక్కాక కుయ్యిమని ఏడుస్తుంది.

క్రాంక్ బోల్టు: పొట్టి ముక్కుకి 108–118, పొడుగు ముక్కుకి 157–167 న్యూటన్ మీటర్లు. ఈ రెండు అంకెలు తారుమారు చేయొద్దు.

15. కొత్తపానా

గాడి అప్పటికే కొంచెం అరిగి ఉంటే? క్రాంక్ మార్చాల్సిందేనా?

16. క్రాంక్‌కీ

కొంచెమైతే అక్కర్లేదు. లాక్టైట్ 660 అని అరిగిన షాఫ్టుల ఖాళీ పూడ్చే జిగురు ఉంది. గాడి, షాఫ్ట్, పుల్లీ లోపలి భాగం ఆయిల్ చుక్క లేకుండా ద్రావకంతో తుడవాలి. కొత్త కీని గాడిలో పనిచేసే వైపుకి ఆనించి, అరిగిన ఖాళీలో జిగురు నింపి, కొత్త పుల్లీ ఎక్కించి, కొత్త బోల్టుతో బిగించి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఇలా చేసిన ఇంజిన్లు మామూలు వాడకంలో చాలాకాలం నడుస్తాయి.

కానీ దాని మీద టర్బో పెట్టమని నేను చెప్పను. ఒకసారి అరిగిన పొట్టి ముక్కు ఉంటే పొడుగు ముక్కు 1.6 గానీ, 1994 తర్వాతి 1.8 గానీ చూసుకోవడం తెలివైన పని. 1.8 అదే గేర్‌బాక్స్‌కి కూర్చుంటుంది.

17. తుప్పుశత్రువు

ఇంజిన్ గురించి ఇంత మాట్లాడుతున్నారు, కింద ఇనుము ఉందో లేదో ఎవరూ అడగలేదు.

వెనక చక్రం ముందు, సిల్ (తలుపు కింద పొడుగునా ఉండే పెట్టె భాగం) చివరి భాగం. ఎన్‌ఏ అక్కడే కుళ్లుతుంది, అదీ లోపలి నుంచి. టాపు మీది వాన నీరు సీట్ల వెనక ఉన్న రెండు డ్రెయిన్ గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు, టాపు నలుసులు అడ్డుపడితే నీరు సిల్‌లోకి, కార్పెట్‌లోకి చేరుతుంది. పై నుంచి అర లీటరు నీరు నెమ్మదిగా పోయండి. వెనక చక్రాల ముందు వెంటనే కిందికి రావాలి. రాకపోతే మెత్తని ప్లాస్టిక్ గొట్టం దూర్చి కదపండి. బిరుసు ఇనుప తీగ దూరిస్తే కింది రబ్బరు చీలి, నీరు ఇంకా లోపలికే పోతుంది.

సిల్ మీద పెయింట్ పొక్కు చిన్నదే అనుకుని గీకితే వేలు దూరేంత రంధ్రం బయటపడుతుంది. పుట్టీ పెట్టి మూయకండి. కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి, ఆరాక లోపల మైనం రకం తుప్పు నిరోధకం పొడుగు నాజిల్‌తో కొట్టాలి.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. మామూలు ఆసిడ్ బ్యాటరీ పెట్టి గాలి గొట్టం తగిలించకపోతే ఆసిడ్ ఆవిరి డిక్కీ నేలని తింటుంది. సీలు చేసిన ఏజీఎం రకమే పెట్టండి.

స్టాండ్లు పెట్టే చోటు కూడా: నేల కింద పొడుగ్గా కనిపించే సన్న రైళ్ల మీద జాకీ పెట్టొద్దు, రేకు కాగితంలా అణుగుతుంది. ముందు క్రాస్‌మెంబర్ మధ్య భాగం, వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ దగ్గర ఎత్తండి. స్టాండ్లు సిల్ కింద బలపరిచిన మడతల దగ్గర.

18. వంపుదారి

బ్రేకులు టర్బోకి ముందే. 1.6 ముందు డిస్కు 235 మి.మీ., వెనక 231. 1.8 వాటివి 255, 251. 1.8 క్యాలిపర్ బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు తెస్తే మీ క్యాలిపర్లతోనే సరిపోతాయి, 14 అంగుళాల చక్రాలూ తగలవు.

వెనక క్యాలిపర్ పిస్టన్‌ని సీ-క్లాంపుతో నొక్కి లోపలికి తోయకండి. హ్యాండ్‌బ్రేక్ సర్దుకునే మర లోపల ఉంది, అది విరుగుతుంది. క్యాలిపర్ వెనక ఉన్న చిన్న బోల్టు తీస్తే లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. అపసవ్యంగా తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు వేశాక, చక్రం బిగుసుకునే దాకా సవ్యంగా తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి. హ్యాండ్‌బ్రేక్ బలహీనంగా ఉందని కేబులు బిగించేవాళ్లు ముందు ఇది చూడాలి.

సస్పెన్షన్‌లో నేను ఎక్కడ చూసినా కనిపించే తప్పు ఒకటి: బండి స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. రబ్బరు బుష్ లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, జారదు, మెలి తిరుగుతుంది అంతే. వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే ఆ మెలికలోనే శాశ్వతంగా ఉండి కొన్నాళ్లకే చిరుగుతుంది. పైగా బండి ఎత్తుగా నిలుస్తుంది, స్ప్రింగులు బాగాలేవని వాటిని నిందిస్తారు. కింది ఆర్మ్‌కి జాకీ పెట్టి బండి నిలిచే ఎత్తుకి తెచ్చాకే ఆఖరి బిగింపు.

అలైన్‌మెంట్ నాలుగు చక్రాలకీ ఉంది. ప్రతి కింది ఆర్మ్‌కీ రెండేసి ఎక్సెంట్రిక్ బోల్టులు. ఇన్నేళ్లకి అవి బుష్ లోపలి గొట్టంలో తుప్పుతో పట్టేసి ఉంటాయి. అలైన్‌మెంట్‌కి వెళ్లే ముందే వదులు చేసి చూసుకోండి, లేకపోతే అక్కడ చేతులెత్తేస్తారు. రోడ్డు వాడకానికి నా అంకెలు: ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలు) మైనస్ 1 డిగ్రీ, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలు) 5 దగ్గర, టో (చక్రాల ముందు అంచులు తిరిగిన దిశ) కొద్దిగా లోపలికి. వెనక క్యాంబర్ మైనస్ 1.5, టో లోపలికి. వెనక ముందుకంటే అర డిగ్రీ ఎక్కువ మైనస్ ఉంటే తోక కుదురుగా ఉంటుంది.

బండి దించాలనుకుంటే వెనక సస్పెన్షన్‌కి ఉన్న ప్రయాణం చాలా తక్కువని గుర్తుంచుకోండి. రెండో తరం ఎన్‌బీ టాప్ మౌంట్లు వాడితే కొంత ప్రయాణం తిరిగొస్తుంది. బంప్‌స్టాప్ మీద కూర్చున్న బండి ప్రతి గుంతకీ వెనక ఎగురుతుంది, గట్టి స్ప్రింగుల వల్ల అనుకుంటారు.

19. తెరటాపు

చాలా వివరంగా చెప్పారందరూ. చూశాను: గాడులు 4. పుల్లీ ఊగడం లేదు. కంప్రెషన్ 178, 180, 175, 179. సెన్సర్ కింద తడి ఉంది. డ్రెయిన్లు ఒక వైపు మూసుకుపోయాయి.

అయితే టర్బో?

20. లీన్‌మిక్చర్

కంప్రెషన్ బాగుంది. అంకెల కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం.

పొట్టి ముక్కు కదలకుండా ఉంటే బూస్ట్ పెట్టడం నిషేధం కాదు. మీ బడ్జెట్‌లో ఈ వరస ఉండాలి:

కూలింగ్. రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్ నల్లగా ఉందా, ఆకుపచ్చ-గోధుమ రంగుకి తిరిగిందా? తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఈ ఇంజిన్ మొదట అడ్డంగా పెట్టే ముందు చక్రాల కార్ల కోసం పుట్టింది. రోడ్‌స్టర్‌లో నిలువుగా తిప్పి పెట్టినప్పుడు నీరు బయటికి వెళ్లే దారి, థర్మోస్టాట్ ముందుకి వచ్చాయి. దాంతో వెనక, నాలుగో సిలిండర్ దగ్గర నీటి ప్రవాహం బలహీనం. బూస్ట్‌తో గట్టిగా తోలేవాళ్లు థర్మోస్టాట్‌ని హెడ్ వెనక్కి మార్చేది అందుకే. రోడ్డు మీద చిన్న బూస్ట్‌కి మంచి రేడియేటర్, కొత్త గొట్టాలు, 6 లీటర్ల సగం సగం కూలెంట్ చాలు. గాలి తీసేటప్పుడు ముక్కు ఎత్తి, హీటర్ పూర్తి వేడికి పెట్టండి.

పెట్రోలు, ఈసీయూ. ఇక్కడ పొదుపు చేయొద్దు. తలుపు రకం ఎయిర్‌ఫ్లో మీటర్ కొంత గాలి దాటాక పూర్తిగా తెరుచుకుపోతుంది, ఆ పైన ఎంత గాలి వస్తోందో పాత ఈసీయూకి తెలియదు. ఇంధన ఒత్తిడి పెంచే రెగ్యులేటర్‌తో మభ్యపెట్టే పాత పద్ధతి ఉంది, నేను సిఫారసు చేయను. ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ, మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ ఒత్తిడి కొలిచేది), పెద్ద ఇంజెక్టర్లు, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (మిశ్రమం కొలిచేది) కావాలి. పూర్తి బూస్ట్‌లో గాలి-పెట్రోలు మిశ్రమం 11.5కి 1 దగ్గర మొదలుపెట్టి, టైమింగ్ తక్కువగా ఉంచి, అప్పుడు మెల్లగా పైకి రండి.

ప్లగ్గులు ఎన్‌జీకే బీకేఆర్7ఈ, గ్యాప్ 0.7–0.8 మి.మీ. మామూలు 1.1 గ్యాప్‌తో బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోతుంది.

టర్బో ఆయిల్ తిరిగొచ్చే గొట్టం లోపలి వ్యాసం 12 మి.మీ.కి తగ్గకూడదు, మొత్తం దారి కిందికే ఉండాలి, సంప్‌లో ఆయిల్ మట్టం పైనే కలవాలి. ఇవి తప్పితే టర్బో సీళ్లు బాగున్నా సైలెన్సర్ పొగ కక్కుతుంది, టర్బోని తిడతారు.

21. గ్రీజుచేతులు

డిఫ్ గురించి చెప్పలేదు. 1.6 డిఫ్ చిన్నది, 6 అంగుళాల రింగ్ గేరు. టర్బోతో పట్టున్న టైర్లు వేసి క్లచ్ వదిలితే ముందు పోయేది అదే. 1.8 డిఫ్ కావాలంటే డిఫ్‌తో పాటు ప్రొపెల్లర్ షాఫ్టు, రెండు హాఫ్ షాఫ్టులు కూడా తేవాలి. 1.6లో నిష్పత్తి 4.3, 1.8లో 4.1. మారిస్తే గేర్లు కొంచెం పొడుగవుతాయి, టర్బోకి అది మంచిదే.

క్లచ్ కూడా: 1.6ది 200 మి.మీ., 1.8ది 215. 1.8 ఫ్లైవీల్, క్లచ్ కలిపి మీ క్రాంక్‌కి ఎక్కుతాయి.

22. కొత్తపానా

గేర్‌బాక్స్ లిఫ్టు లేకుండా దించగలమా?

23. గ్రీజుచేతులు

దించొచ్చు. బండి నాలుగు స్టాండ్ల మీద కనీసం అర మీటరు ఎత్తులో ఉండాలి. గేర్‌బాక్స్‌నీ డిఫ్‌నీ కలిపే పొడుగాటి అల్యూమినియం ఫ్రేము ఉంటుంది, ముందు దాన్ని దించాలి. గేర్‌బాక్స్ కింద జాకీ లేకుండా దాని బోల్టులు ముట్టొద్దు. ఫ్రేము తీయగానే గేర్‌బాక్స్ తోక కిందికి వంగి, ఇంజిన్ వెనక్కి వాలుతుంది. అప్పుడు క్యామ్ యాంగిల్ సెన్సర్ ఫైర్‌వాల్‌కి నొక్కుకుని పగులుతుంది. మధ్యలో చెక్క ముక్క పెట్టండి, లేదా సెన్సర్ తీసి పక్కన పెట్టండి. మీరు ఎలాగూ ఓ-రింగ్ మార్చాలి కాబట్టి తీసేయడమే మేలు.

బెల్‌హౌసింగ్ పై బోల్టులకి పొడుగు ఎక్స్‌టెన్షన్లు, చివర తిరిగే జాయింటు కావాలి. గేర్‌బాక్స్ తోక మీదుగా దూర్చి విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు ఫ్రేము బోల్టులు వదులుగా పెట్టి, గేర్‌బాక్స్ ఎత్తు సరిచేసి, ఆ తర్వాతే 104–123 న్యూటన్ మీటర్లకి. తోక ఎత్తు తప్పితే ఒక వేగం దగ్గర బండంతా వణుకుతుంది, చక్రాలు బ్యాలెన్స్ చేయించుకుంటూ తిరుగుతారు.

24. తెరటాపు

చివరిగా ఒకటి. బెల్టు మార్చి, పొట్టి ముక్కుకి కొత్త బోల్టు 115 దగ్గర బిగించాక, అది నిలిచిందని ఎలా తెలుస్తుంది? కొన్నాళ్లకి మళ్లీ టార్క్ రెంచి పెట్టి చూడాలా?

25. క్రాంక్‌కీ

వద్దు. మాటిమాటికీ రెంచి పెడితే కూర్చున్న బోల్టుని మీరే కదుపుతారు. బిగించిన రోజే బోల్టు తల నుంచి పుల్లీ బాస్ మీదుగా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. మొదటి 1,000 కి.మీ. తర్వాతా, ఆపైన ప్రతి ఆయిల్ మార్పుకీ టార్చి వేసి చూడండి. గీత తెగకుండా, పుల్లీ ఊగకుండా ఉంటే మూత వేసేయండి. గీత వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ రోజే ఇంజిన్ ఆపి, బెల్టు కవర్ విప్పి, కీ బయటికి తీసి చూడాలి. అప్పటికి గాడి ఇంకా బతికే ఉంటుంది.